రూమందరి గడియారం

“కదిపినవంటే మణికట్టు గూడ పోతది. కదపకు.”

నర్సింగ్ మోకాలు సురేందర్ ఛాతీ మీద ఉంది. ఒక చేత్తో సురేందర్ ఎడమ చేతిని రూము గడప సిమెంటు మీద అదిమి పట్టాడు. రెండో చేతిలో సుత్తి. నర్సింగ్ స్కఫోల్డింగ్, అంటే పరంజా కట్టే పని చేస్తాడు, ఇనుప గొట్టాలకు కొక్కేలు బిగించే సుత్తి అది. గడియారం ఇంకా సురేందర్ చేతికే ఉంది.

“విప్పి ఇస్త అన్నా. ఇడువు. విప్పి ఇచ్చినంక నీ ఇష్టమున్నట్టు పగలగొట్టుకో.”

“విప్పుడెందుకు? నిన్న విప్పినవా? నిన్న చేతికే ఉండె గద. ఇయ్యాల గూడ చేతికే ఉండాలె.”

భూమయ్య పొయ్యి దగ్గర జావ కలుపుతున్నాడు. ఆస్పత్రిలో ఉన్న రాజలింగుకు పట్టుకుపోదామని. రూములో అందరికంటే పెద్దవాడు ఆయనే, సైట్లో వీళ్ళకి ఫోర్మన్ కూడా. గరిటె చేతిలోనే పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

“నర్సింగూ! పిచ్చి లేసిందా? సుత్తి కింద పెట్టు.”

“నువ్వు రాకు కాకా. పెద్దోనివి, నీకు తగుల్తది.”

“తగలనీ. నాక్కూడా పెట్టు ఒకటి.”

సుత్తి లేచింది. భూమయ్య నర్సింగ్ మోచేతిని పట్టి లాగాడు. దెబ్బ గడియారం మీద పడాల్సింది, జరిగి వేళ్ళ మీద పడింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

సురేందర్ కేక పెట్టాడు. ఆ కేక విని పక్క రూముల తలుపులు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. గల్ఫ్‌లోని ఈ సోహార్ క్యాంపులో శుక్రవారం సెలవు పూట ఒకరి కొట్లాటలోకి ఇంకొకరు రారు. పోలీసు వస్తే ముందు బత్తాకా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, అడుగుతాడు, ఎవరు కొట్టారన్నది తర్వాతే.

నర్సింగ్ మోచెయ్యి వెనక్కి విసిరాడు. అది భూమయ్య మూతికి తగిలింది. భూమయ్య మంచం పట్టెకు కొట్టుకుని కూలబడ్డాడు. నోట్లో ఉప్పగా ఉంది. కింది పన్ను ఒకటి నాలుక మీదికి వచ్చింది. దాన్ని అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు.

“సూడు,” అన్నాడు. “సూడు ఏం జేసినవో. నీ తండ్రి ఈడోన్ని.”

నర్సింగ్ చూడలేదు. అతని కళ్ళు సురేందర్ ముఖం మీదే ఉన్నాయి.

“ఒప్పుకో.”

“నేను సూడలే అన్నా.”

“ఒప్పుకో అంటున్న. గడియారం సూసినవ్. పైపులు ఊగినయ్. ఈల నీ నోట్లనే ఉండె. ఊదలే.”

“అది వణికింది. గంతే. సూడలే. మా అమ్మ తోడు.”

నర్సింగ్ వెనక చేత్తో ఒకటి కొట్టాడు. సురేందర్ పెదవి చిట్లింది. “అమ్మను తీస్కరాకు.”

నిన్న మధ్యాహ్నం సైట్లో జరిగింది ఇంతే. క్రేన్ లారీలోంచి పైపుల కట్టను ఎత్తింది. కట్ట ఊగకుండా కింద తాడు పట్టుకుని నిలబడ్డవాడు రాజలింగు, నర్సింగ్ తమ్ముడు. క్రేన్ నడిపే జావెద్‌కు అంత పైనుంచి కింద మనిషి కనపడడు. కింద నిలబడి చేత్తో సైగ చేసే సురేందరే అతనికి కళ్ళు. ఏమైనా తేడా వస్తే ఈల ఊదాలి, ఊదగానే క్రేన్ ఆగాలి. సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. కట్ట ఊగింది. ఈల మోగలేదు. రాజలింగు కుడి కాలు పైపులకీ లారీ చక్రానికీ మధ్య పడి నలిగిపోయింది.

జావెద్‌ను నిన్ననే పోలీసులు తీసుకుపోయారు.

మోకాలి కింద ఎముక పిండి అయింది, సాయంత్రంలోపు కాలు తీయకపోతే విషం పైకి పాకుతుంది, మనిషే దక్కడు అని డాక్టరు తెల్లవారగానే చెప్పాడు. రాజలింగు వినడం లేదు. తీయనివ్వను, చస్తే చస్తాను అంటున్నాడు. నర్సింగ్ తమ్ముడి కాళ్ళు పట్టుకుని, అంటే ఉన్న ఒక్క మంచి కాలు పట్టుకుని ఏడ్చి వచ్చాడు. వచ్చిన వాడు చెప్పులు కూడా విడవలేదు. మంచం కింద సుత్తి తీశాడు.

“అన్నా, నన్ను సంపినా ఆయన కాలు రాదు,” సురేందర్ నెత్తురు మింగుతూ అన్నాడు. “ఆయన పాణం సంగతి సూడు. శ్రీవాణికి ఫోన్ చెయ్యి. ఆమె చెప్తె ఇంటడు.”

“నా తమ్ముని పెండ్లాం పేరు నీ నోటెంబడి రావద్దు.”

“వస్తది. ఆమె పేరు చెప్పే గద ఆయన దవఖానల మొత్తుకుంటుండు. కాలు లేకుంట దాని ముంగటికి పోను అంటుండు. నువ్వే చెప్పినవ్ గద పొద్దుగాల. ఆమెకు చెప్పకుంట దాస్తున్నవ్. ఎవల సంపుతున్నవ్ నువ్వు? నన్నా, ఆయననా?”

నర్సింగ్ సురేందర్ జుట్టు పట్టి తలను సిమెంటుకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి కొట్టబోతుంటే భూమయ్య ఆ తలకింద తన అరచెయ్యి పెట్టాడు. దెబ్బ అరచేతి మీద పడింది.

“చాలు రా! చాలు! ఎంత కొడ్తవ్? మల్లొకటి కొడ్తె ఈడ పీనుగ అయితది. అక్కడొకటి, ఇక్కడొకటి. రెండిటినీ నేనే మోసుకపోవాలెనా ఊరికి?”

జావ పొంగి పొయ్యి మీద పడింది. మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

“గడియారం కాకా,” నర్సింగ్ గొంతు దిగింది. “ఈ గడియారం వచ్చినకాంచి వీని కండ్లు మనుషుల మీద లెవ్వు. అన్నం తినుకుంట సూస్తడు. దేవునికి దండం పెట్టుకుంట సూస్తడు. మోగకున్నా చెయ్యి లేపి సూస్తడు. నువ్వు సూడలేదా?”

భూమయ్య చూశాడు. రొట్టె విరుస్తూ కూడా సురేందర్ మణికట్టు తిప్పుకోవడం చూశాడు. ఎదుటి మనిషి ఏదో చెప్తుంటే మధ్యలో కళ్ళు కిందికి దిగి, మళ్ళీ లేచి, ‘ఏమన్నవ్ కాకా’ అనడం ఎన్నిసార్లు విన్నాడో.

“సూసిన,” అన్నాడు. “అట్లనే పోయిన ఎండకాలం గీ గడియారమే కదరా వీని గుండె దడ పెరిగిందని మొత్తుకున్నది. వీడు నీడకు పోయి కూసున్నడు. అది లేకుంటే ఆనాడే పడిపోతుండె. అదీ సూసిన.”

“అయితే వీని పాణం కాపాడింది. మా తమ్ముని కాలు తీసింది. మంచిగున్నది లెక్క.”

“మరి మీరందరు దీన్ని ఎందుకు వాడుకున్నరు?” సురేందర్ పడుకునే అరిచాడు. “గేటు కాడ ఫోన్లన్ని డబ్బల ఏసి లోపటికి పోతరు. గడియారాన్ని వాచ్‌మన్ అడుగడు, ఉట్టి గడియారమే అనుకుంటడు. దీంట్ల సిమ్ముంది. ఇంటికాడ ఏదన్న అయితే సురేందర్ గడియారానికి చెయ్యుర్రి అని ఊరందరికి నంబర్ ఇచ్చిర్రు మీరే. గౌరవ్వ పెద్దమ్మకు జ్వరమొస్తే నాకు మోగింది. మీ అమ్మ బాయికాడ జారిపడ్తే నాకు మోగింది. నాది నాకు ఎన్నిసార్లు మోగింది? చెప్పుర్రి!”

గౌరవ్వ భూమయ్య భార్య. భూమయ్య తల వంచుకున్నాడు. అది అబద్ధం కాదు. సైట్లోకి ఫోను పోనివ్వని కంపెనీలో వాళ్ళకు దొరికిన చిన్న సందు ఆ గడియారం. ఆ సందులోంచి నాలుగు ఇళ్ళ కష్టాలూ ఒక్కడి మణికట్టు మీదికి వచ్చేవి. ఆ ఒక్కడే క్రేన్ కింద సైగ చేసేవాడు. ఫోర్మన్ అయి ఉండి తాను కూడా ఆ పని వద్దనలేదు.

“మాటలు సాలు,” అన్నాడు నర్సింగ్. మళ్ళీ సుత్తి పట్టుకున్నాడు. “ఏళ్ళు పోయినయ్. ఇగ మణికట్టు.”

అప్పుడు గడియారం మోగింది.

సురేందర్ చెయ్యి సిమెంటు మీద వణికింది. చిన్న తెర వెలిగింది. దాని మీద తెలుగులో పేరు పడింది. ‘రాజలింగు ఇల్లు.’

నర్సింగ్ సుత్తి గాలిలోనే ఆగింది.

“ఎత్తకు.”

“ఎత్తుత.”

“ఎత్తితే సంపుత. దానికి ఎర్క కావద్దు. ఎర్కయితే అదేమన్న చేసుకుంటది. కట్ చెయ్యి.”

సురేందర్ ఎడమ చేతి వేళ్ళు విరిగి ఉన్నాయి. కుడి చెయ్యి వీపు కింద ఇరుక్కుంది. మెడ లేపి, తల తిప్పి, ముక్కుతో తెర మీది ఆకుపచ్చ బొట్టును నొక్కాడు. నెత్తురు అంటింది.

“సురేందరన్నా?” ఆడగొంతు. సన్నగా, హడావుడిగా. “ఎత్తితివా, బతికిచ్చితివి. నిన్న గూడ చేసిన, ఎవలూ మాట్లాడలే. ఆయనకిస్తవా జరంత?”

నర్సింగ్ భూమయ్యకు చేత్తో సైగ చేశాడు. నువ్వు చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

“నేను బిడ్డా, భూమయ్య కాకను,” భూమయ్య మూతి తుడుచుకుంటూ గడియారం మీదికి వంగాడు. పన్ను పోయిన నోట్లో మాట సరిగ్గా పలకలేదు. “రాజలింగు డ్యూటీకి పోయిండు.”

“ఇయ్యాల శుక్రారం గద కాకా. సుట్టి గద.”

“ఓవర్‌టైం.”

“ఆయన డ్యూటీల ఉంటే సురేందరన్న గడియారం నీ కాడెందుకున్నది? అన్న ఏడి? కాకా, నీ గొంతేంది అట్లున్నది?”

శ్రీవాణి ఆగలేదు.

“నామీద అలిగిండని నాకెర్క. బీడీలు బంద్ జేసి కోరుట్ల బట్టల దుకాణంల పనికి చేరిన్నని ఫోనే ఎత్తుతలేడు. రూముల కూడ ఎత్తుతలేడు. గందుకే నర్సింగ్ బావ చెప్పిండు నాకు. రూముల తప్పిచ్చుకుంటడు, డ్యూటీల ఉన్నప్పుడు సురేందర్ గడియారానికి చెయ్యి, అందరి ముంగట ఎట్ల మాట్లాడడో సూస్త అని. నిన్న మధ్యాన్నం గందుకే చేసిన. బావనే అడుగు, ఆయన చెప్తనే చేసిన.”

నర్సింగ్ మోకాలు సురేందర్ ఛాతీ మీద నుంచి జారింది. లేచి నిలబడ్డాడు. సుత్తిని రెండు చేతులతో పట్టుకుని గోడకేసి కొట్టాడు. ప్లైవుడ్ గోడ చీలి, సుత్తి తల అవతలికి దిగింది. లాగాడు, మళ్ళీ కొట్టాడు. మూడోసారి సుత్తి అక్కడే ఇరుక్కుంది. దాన్ని వదిలేసి తన నొసటిని ఇనుప మంచం పట్టెకేసి బాదుకున్నాడు. భూమయ్య నడుము పట్టి లాగేలోపు కనుబొమ్మ చిట్లి కన్ను నెత్తురుతో నిండింది.

“ఏంది కాకా ఆ సప్పుడు?” గడియారంలోంచి. “కొట్లాటనా? ఎవలు కొట్టుకుంటుర్రు? ఆయనేనా?”

“కాదు బిడ్డా.”

“మరెవలు? చెప్పు కాకా. చెప్పు.”

భూమయ్య నర్సింగ్ వైపు చూశాడు. నర్సింగ్ నేల మీద కూర్చుని ఉన్నాడు. వద్దని ఇంక అనలేదు.

“బిడ్డా, నిమ్మలంగ ఇను. రాజలింగుకు సైట్ల దెబ్బ తాకింది. కాలికి. పాణానికి ఏం గాలే. కాని కాలు తీయాలంటుర్రు డాక్టర్లు. పొద్దుగూకేలోపట తీయాలె. తీయకుంటే మనిషి దక్కడు. వాడు వద్దంటుండు. మా మాట ఇంటలేడు. నీ మాట ఇంటడు.”

అవతల ఏడుపు వినపడుతుందని అందరూ అనుకున్నారు. వినపడలేదు. ఎక్కడో మిషను కుట్టే చప్పుడు, ఎవరో చీర ధర అడుగుతున్న గొంతు. ఆమె దుకాణంలోనే ఉంది.

“ఎప్పుడు తాకింది?” అడిగింది శ్రీవాణి.

“నిన్న.”

“నిన్న ఎప్పుడు?”

భూమయ్య నర్సింగ్ వైపు తిరిగాడు.

“బావ ఉన్నడా ఆడ? బావా, నువ్వు చెప్పు. నేను చేసినప్పుడేనా?”

నర్సింగ్ పాకుతూ గడపదాకా వచ్చాడు. సురేందర్ చేతిని పట్టుకున్నాడు, ఈసారి రెండు చేతులతో, విరిగిన వేళ్ళు తగలకుండా. గడియారానికి మొహం దగ్గర పెట్టాడు. నొసటి నెత్తురు దాని మీద చుక్కలుగా పడుతోంది.

“కాదు శ్రీవాణీ.”

“ఒట్టు పెట్టు.”

“ఒట్టు. నువ్వు చేసినప్పటికే అయిపోయింది. గడియారం సంగతే కాదు. గాలి కొట్టింది. క్రేన్ వాడు సూస్కోలే. సురేందర్ గడియారం దిక్కు సూడనే సూడలే. వాడు పైపునే సూస్తుండె.”

సురేందర్ ఆయన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. పొద్దున్నుంచి దెబ్బ దెబ్బకూ తాను మొత్తుకున్న మాట అది. ఆ మాట అన్నందుకే రెండు వేళ్ళు పోయాయి. ఇప్పుడు నర్సింగ్ దాన్నే ఒట్టు పెట్టి చెప్తున్నాడు.

“అయితే అలాగే రాసుకోనా?”

గుమ్మంలో వీరభద్రరావు నిలబడి ఉన్నాడు. కంపెనీ సేఫ్టీ ఆఫీసరు, కాకినాడ మనిషి. ఇస్త్రీ చొక్కా, నెత్తి మీద తెల్ల హెల్మెట్. క్యాంపులోకి వచ్చినా హెల్మెట్ తీయడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు.

“ఏంటయ్యా ఈ రక్తం? సురేందర్, ఎవరు కొట్టారు?”

“మెట్ల మీద పడ్డ సర్.”

“మీ క్యాంపులో మెట్లెక్కడున్నాయయ్యా?” ఆయన నర్సింగ్‌ను చూశాడు, గోడలో దిగిన సుత్తిని చూశాడు. “సరే. అది తర్వాత. ఇప్పుడు నాకు ఒక్క ముక్క కావాలి. పోలీస్ స్టేషన్ నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. సిగ్నల్ మ్యాన్ వాచీ చూశాడా, లేదా? చూశాడంటే కేసు ఇతని మీద. చూడలేదంటే, ఈల మోగాక కూడా క్రేన్ ఆపలేదని జావెద్ మీద. అతను రాత్రంతా లోపలే ఉన్నాడు. ఈల వినలేదు, వినలేదు అని ఒకటే గొడవ పెడుతున్నాడట.”

భూమయ్య వేలు పెదవుల మీద పెట్టి, కళ్ళతో గడియారం వైపు చూపించాడు. ఫోను ఇంకా నడుస్తోంది, మాట్లాడకండి అని.

వీరభద్రరావుకు అర్థం కాలేదు. అదే సమయానికి ఆయన మణికట్టు మీది నల్ల గడియారం కూడా వణికింది. ఆయన దాన్ని చూసుకున్నాడు. చూసుకుని తల ఎత్తాడు.

“ఏమన్నావయ్యా?”

“ఏమనలే సర్,” అన్నాడు భూమయ్య.

“మరి చెప్పండి. నర్సింగ్, నువ్వు ఇప్పుడే అన్నావు కదా చూడలేదని. స్టేషన్లో కూడా అదే చెప్తావా?”

నర్సింగ్ దవడ కదిలింది. చూశాడు అంటే గడియారం అవతల ఉన్న ఆడమనిషి నెత్తి మీద మొగుడి కాలు పోయిన పాపం పడుతుంది. ఆమెతో పాటు తన నెత్తి మీద కూడా. చూడలేదు అంటే, ఏమీ చేయని జావెద్ జైలుకి పోతాడు.

“చెప్త సర్,” అన్నాడు. “సూడలే.”

“సంతకం పెడతావా?”

“పెడ్త.”

సురేందర్ మోచేతి మీద లేచి కూర్చున్నాడు. తల వెనక జుట్టు తడిసి మెడకు అంటుకుని ఉంది. విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. నర్సింగ్ అతని భుజం పట్టుకుని నొక్కాడు. పొద్దున్నుంచి ఒప్పుకో, ఒప్పుకో అన్న మనిషి ఇప్పుడు ఒప్పుకోవద్దని నొక్కుతున్నాడు.

“వద్దు రా,” గుసగుసగా అన్నాడు. “నీకు దండం పెడ్త.”

“జావెద్ భాయ్ ఏం జేసిండన్నా?” సురేందర్ తల అడ్డంగా ఊపాడు. “ఈల ఊదితే గద ఆయన ఆపుతడు.”

“సురేందరూ!” భూమయ్య కేక వేశాడు.

“సూసిన సర్.” సురేందర్ వీరభద్రరావు వైపు తిరిగాడు. ఇంక ఆపలేదు. “చెయ్యి వణికితే సూసిన. ‘రాజలింగు ఇల్లు’ అని పడ్డది. గది సదివిన. సదివి తల లేపేసరికి పైపులు ఆయన మీదికి పోతున్నయ్. నోట్ల ఈల ఉన్నది, ఊదాలని యాదికి రాలే. పొద్దున్నుంచి ఇంత కొట్టినా అబద్ధమే చెప్పిన. సూసిన సర్. రాసుకోర్రి.”

నర్సింగ్ చెయ్యి సురేందర్ భుజం మీద నుంచి ఊడి కింద పడింది.

వీరభద్రరావు అప్పుడు చూశాడు, నెత్తురు మరకల కింద వెలుగుతున్న తెరను. దాని మీద అంకెలు నడుస్తున్నాయి. ఫోను కట్ కాలేదు. అవతల మిషను చప్పుడు ఆగిపోయింది. చీర ధర అడుగుతున్న గొంతు కూడా లేదు.

“శ్రీవాణీ,” నర్సింగ్ పిలిచాడు. “బిడ్డా.”

నర్సింగ్ గడియారానికి ఇంకా దగ్గరగా వంగాడు.

“శ్రీవాణీ, తప్పు నాది. నేను చెప్తనే గద నువ్వు చేసింది.”

“సురేందరన్నా,” అంది శ్రీవాణి. నర్సింగ్ మాటకు కాదు ఆమె బదులిచ్చింది. “ముందుగాల ఆయనకు ఫోన్ కలుపు. నాకాయన గొంతు ఇనాలె.”

“కలుపుత చెల్లే. కాని... ఏం చెప్తవ్ ఆయనకు?”

“నిజం చెప్త,” అంది. “అంతా చెప్త. ఇన్నంక కాలు తీయమంటడో, నా మీది కోపానికి అట్లనే సస్తడో ఆయననే అననియ్యి.”